చుక్క కేసు: పెంపుడు పెట్టకు అండవాహిక ఆపరేషన్, ఎప్పుడు చేయాలన్న ప్రశ్న

రోగి పేరు చుక్క. పెట్ట, వయసు రెండున్నరేళ్లు. గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకం పోలికలున్న నాటు సంకరం, ఇటుక రంగు ఈకలు, మెడ మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. మొదటిసారి నా బల్ల మీదకు వచ్చిన రోజు బరువు 1.9 కిలోలు. ఊరు పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా.

తెచ్చినది రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే లైనులో చిన్న రైలు నడిచిన రోజుల నుంచీ పట్టాల మీద నడిచిన మనిషి. ఆయనను నేను బాబాయి అంటాను, ఆయన నన్ను డాక్టరు బాబు అంటారు. తల్లికోడిని ముంగిస పట్టుకుపోతే గంప కింద మిగిలిన ఒకే ఒక్క పిల్ల ఈ చుక్క. అట్టపెట్టెలో బల్బు పెట్టి, రాత్రి రెండుసార్లు లేచి చూసుకుంటూ పెంచారు. పెద్దయ్యాక అది ఆయన వెనకాలే టీ కొట్టు దాకా నడిచి వెళ్లి, ఆయన టీ తాగేదాకా బెంచీ కింద కూర్చుని, మళ్లీ వెంట వచ్చేది. ఈ వివరం ఊరికే రాయలేదు. టీ కొట్టు దాకా రావడం మానేసిందన్నదే ఆయన నాకు చెప్పిన మొదటి రోగలక్షణం.

మార్చి నెల. అంతకు మూడు వారాల ముందు నుంచి పెంకు పలచబడిన గుడ్లు పెట్టింది, తర్వాత రెండు తోలుగుడ్లు, ఆ తర్వాత పన్నెండు రోజులుగా గుడ్డే లేదు. రోజూ గంపలోకి వెళ్లి కూర్చుని వట్టిగా లేచి వస్తోంది. గుడ్డు అడ్డుపడిందని ఎవరో చెబితే ఆముదం రాసి చూశారు, సున్నపు నీళ్లు తాగించారు. నొప్పికని ఎవరో ఇచ్చిన మాత్ర ఒకటి ఆయన జేబులో ఉంది, అదృష్టం కొద్దీ ఇంకా వేయలేదు. అది డైక్లోఫెనాక్. రాబందులను తుడిచిపెట్టిన మందు, పశువులకు వాడకుండా 2006లో మన దేశంలో నిషేధించిన మందు. కోడి మూత్రపిండాలకూ అది ప్రమాదమే. పక్షులకు నొప్పి తగ్గించాలంటే నేను మెలాక్సికామ్ వాడతాను. ఇంట్లో మనుషుల మందులపెట్టె తెరిచి కోడికి ఏదీ వేయవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెబుతాను.

పరీక్షకు చుక్కను వెల్లకిలా పడుకోబెట్టలేదు. కోడికి మనలా ఊపిరితిత్తుల కింద పొరకండరం ఉండదు. పొట్టలో నీరు చేరిన కోడిని వెల్లకిలా తిప్పితే ఆ బరువు ఊపిరి ఆడించే గాలి తిత్తుల మీద పడి బల్ల మీదే ఊపిరి ఆగిపోవచ్చు. నిలబెట్టే చూశాను. ఒళ్లు నిటారుగా, తోక నేలకు వాలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. జుట్టు పాలిపోయి ఒక పక్కకు ఒరిగింది. రొమ్ము ఎముక మీద వేలు పెడితే కత్తి అంచులా తగిలింది, రెండు పక్కలా కండ కరిగిపోయింది. 1.9 కిలోలు చూసి ఒళ్లు బాగుందనుకుంటే మోసపోయినట్లే. ఆ బరువంతా పొట్టలో ఉంది. కోళ్ల విషయంలో తూకం కన్నా రొమ్ము ఎముక నిజం చెబుతుంది.

ఆవులకు చూడి పరీక్ష చేసే చిన్న స్కానింగ్ యంత్రం నా దగ్గర ఉంది. ఎడమ పక్క ఈకలు తడిపి పెట్టి చూస్తే నీటి మధ్యలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు పొరలు పొరలుగా ఒక ముద్ద కనిపించింది. సన్నటి సూదితో 40 మిల్లీలీటర్ల నీరు తీశాను. ఇంకా ఉన్నా ఆపేశాను, ఒక్కసారిగా ఖాళీ చేస్తే రక్తపోటు పడిపోతుంది. చిక్కటి పసుపు నీరు, మధ్యలో సొన తునకలు. గాజు పలక మీద పూసి రంగు వేసి చూస్తే చీము కణాలు, కర్రల్లాంటి బాక్టీరియా. ఎక్స్‌రేలో పెంకు ఉన్న గుడ్డు ఎక్కడా లేదు, కానీ కాలి ఎముకల లోపలి భాగమంతా తెల్లగా నిండి ఉంది. పెంకు కోసం పెట్ట ఎముకల్లో సున్నం దాచుకుంటుంది. అలా నిండుగా ఉందంటే గుడ్డు హార్మోన్లు జోరుగా పనిచేస్తున్నాయని అర్థం. అంటే గుడ్డు బయటికి రావడం ఆగింది గానీ తయారీ ఆగలేదు.

నిర్ధారణ: అండవాహికలో (గుడ్డు నడిచే దారిలో) పాత ఇన్ఫెక్షన్, గడ్డకట్టిన చీము ముద్ద, దానితో పాటు పొట్టలో సొన పడి వచ్చిన వాపు.

కోళ్లు పెంచేవారికి ఇది అర్థం కావాలంటే గుడ్డు దారి తెలియాలి. పెట్టకు ఎడమవైపు అండాశయం, ఎడమవైపు అండవాహిక మాత్రమే ఎదుగుతాయి. అండాశయం నుంచి సొన ఊడిపడగానే గరాటులాంటి నోరు దాన్ని అందుకుంటుంది. అక్కడ ఉండేది పావుగంట, అరగంట. తర్వాత సుమారు మూడు గంటలు తెల్లసొన పట్టే చోట, గంటకు పైగా పొరలు పట్టే చోట, 20 గంటల దాకా పెంకు పట్టే గదిలో. మొత్తం 24 నుంచి 26 గంటల ప్రయాణం. దారిలో వాపు ఉంటే గరాటు సొనను అందుకోలేదు, అది పొట్టలో పడుతుంది. లోపలికి వెళ్లినదేమో ముందుకు కదలక, చీముతో కలిసి, ఉడికించిన గుడ్డులా పొర మీద పొర గట్టిపడుతుంది. ఆ ముద్దలోకి మందు వెళ్లదు. రక్తనాళం లేని చోటికి ఏ యాంటీబయాటిక్ అయినా ఎలా చేరుతుంది?

ఈ జబ్బు ఎందుకు వస్తుందంటే నా సమాధానం ఒకటే. మన పెరటి కోళ్లకు మూలమైన అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని తిప్పుకుంటుంది. ఫారం లేయరు ఏడాదికి 300 గుడ్లు పెట్టేలా మనం తయారు చేశాం. గ్రామప్రియలాంటివి ఆ రెండిటికీ మధ్య. ఫారాల్లో పెట్టను సుమారు 72 వారాలకు అమ్మేస్తారు కాబట్టి ఆ తర్వాత దాని కడుపులో ఏమి జరిగిందో ఎవరూ చూడరు. రెండేళ్లు దాటి ఇంట్లో మనిషిలా బతికిన కోడి దగ్గరే ఈ జబ్బు బయటపడుతుంది. మాకు కాలేజీలో నేర్పింది గుంపు వైద్యం. ఒక కోడి చస్తే కోసి చూసి మిగతా వెయ్యిటిని కాపాడడం. ఒక్క కోడిని కాపాడడానికి దాన్ని కోయడం నేను కాలేజీ వదిలాక నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకుంటున్నాను.

మొదటి రోజే బాబాయికి ఆపరేషన్ మాట చెప్పాను. అయితే చెప్పిన తీరు సరిగ్గా లేదు. "ముందు మందులు వేద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ చూద్దాం" అన్నాను. ఆ ఒక్క వాక్యమే ఈ కేసులో నా తప్పు. అది తప్పని తెలియడానికి ఎనిమిది వారాలు పట్టింది.

పది రోజులు ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, మెలాక్సికామ్, వెచ్చటి పెట్టె, రాగి జావ, ఉడికించిన గుడ్డు. ఈ మందులు పడుతున్న కోడి గుడ్డు గానీ మాంసం గానీ ఎవరూ తినకూడదని రాసి ఇచ్చాను. బాబాయి నా ముఖం వైపు చూసి, "దీన్ని తినే మాట ఈ ఇంట్లో ఎవరికీ లేదు బాబూ" అన్నారు. గుడ్డు తయారీ ఆగడానికి వెలుతురు తగ్గించమన్నాను. పగటి వెలుగు పన్నెండు పద్నాలుగు గంటలు దాటితే పెట్ట మెదడు గుడ్డు పెట్టమని చెబుతుంది, ఎనిమిది తొమ్మిది గంటలకు తగ్గిస్తే ఆ సంకేతం మందగిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకే గూటి మీద గోనె కప్పాలి, ఉదయం ఏడున్నర దాకా తీయకూడదు.

వారంలో చుక్క మారిపోయింది. నీరు తగ్గింది, బరువు 1.65 కిలోలకు దిగింది, రొమ్ము పక్కన కండ మెత్తగా తగలడం మొదలైంది. ఇరవయ్యో రోజున టీ కొట్టు దాకా నడిచింది. ఆ సంగతి చెప్పడానికి బాబాయి నా దగ్గరికి నడిచే వచ్చారు. స్కాన్‌లో ముద్ద అలాగే ఉంది. అయినా ఎర్రబడిన జుట్టును చూసి, నేల గీరుతున్న కాళ్లను చూసి, ఇప్పుడు దీన్ని కోయించమని ఎలా చెప్పను అనుకున్నాను.

ఈ ఆపరేషన్‌తో వచ్చే చిక్కు ఇదే. తట్టుకోగలిగిన రోజున కోడికి అవసరం ఉన్నట్లు కనిపించదు. అవసరం కళ్లకు కట్టినట్లు కనిపించే రోజున కోడి తట్టుకోలేదు. మందులతో కోలుకున్న ఆ మూడు నాలుగు వారాలే సరైన సమయం. నేను ఆ రోజు "ఇప్పుడే చేయించండి, ఇంతకన్నా మంచి రోజు రాదు" అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ముద్ద లోపల ఉండగా తేలిన ఆరోగ్యాన్ని ఆరోగ్యం అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. గోనె కప్పిన గూడు లోపల ఉడికిపోతుంటే, కోడి నోరు తెరిచి రొప్పుతుంటే, పిన్ని గోనె తీసేసింది. ఎవరైనా తీస్తారు. తడి గోనె ఒక పక్కే వేసి, గాలి ఆడే పక్కన నల్ల గుడ్డ కట్టమని నేను ముందే చెప్పలేదు. మే రెండో వారంలో చుక్క మళ్లీ వచ్చింది. బరువు రెండు కిలోలు దాటింది, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగుతోంది. పక్షికి తోక ఊగుతోందంటే ఊపిరికి కష్టపడుతోందని అర్థం.

అప్పటికి నేను ఈ ఆపరేషన్ నాలుగు కోళ్లకు చేశాను. ఒకటి బల్ల మీదే పోయింది, ఇంకొకటి తెల్లవారేసరికి పోయింది. మూడోది ఐదు నెలలు బతికింది. నాలుగోది రెండేళ్లకు పైగా తిరిగింది. పోయిన రెండూ ఇలాంటి స్థితిలోనే, ఇంతే ఆయాసంతో, సూదిమత్తు మీద కోసినవి. బాబాయికి ఈ లెక్క దాచలేదు.

వాళ్లింటికే వెళ్లి కూర్చున్నాను. ఇలాంటి మాటలు ఆసుపత్రి బల్ల దగ్గర నిలబడి చెబితే వినేవాళ్లకు సగమే చేరతాయి. సాయంత్రం, అరుగు మీద పిన్ని చేటలో నూకలు చెరుగుతోంది. ఆ చప్పుడుకు గంపలో ఉన్న చుక్క తల ఎత్తింది, మెడ చాచింది, ఒక కాలు ముందుకు వేసింది, అంతే, మళ్లీ కూలబడింది. పిన్ని చేట కింద పెట్టేసింది. చప్పుడు చేసి దానికి ఆశ పుట్టించడం ఇష్టం లేనట్లు, ఆ తర్వాత నేనున్నంతసేపూ చేట ముట్టలేదు.

నాలుగు దారులు చెప్పాను. నీరు తీస్తూ, మందులు వేస్తూ నడిపించడం. అలా వారాలు గడుస్తాయి, ప్రతిసారీ గడువు తగ్గుతుంది. రెండోది, ఇక్కడే నా దగ్గర సూదిమత్తుతో ఆపరేషన్. మూడోది, విశాఖపట్నం తీసుకువెళ్లి ఐసోఫ్లూరేన్ గ్యాసు మత్తు ఉన్న చోట చేయించడం. నాలుగోది, నొప్పి లేకుండా నిద్రపుచ్చడం. నాలుగోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పలేదు. అది కూడా వైద్యమే, దాన్ని ఎంచుకున్నవాళ్లు ప్రేమ తక్కువైనవాళ్లు కారు.

బాబాయి ఏమీ మాట్లాడలేదు. అడిగింది పిన్ని.

"బాబూ, మీరు తీసేది గుడ్డు తయారయ్యే చోటా, గుడ్డు నడిచే దారా?"

బడికి వెళ్లని మనిషి వేసిన ఈ ప్రశ్న నేను చదువుకున్నవాళ్ల నోట కూడా వినలేదు. దారినే తీస్తాం. గుడ్డు తయారయ్యే అండాశయం కురచ కాడతో పెద్ద రక్తనాళాలకు, ఎడమ మూత్రపిండం పైకొసకు అంటిపెట్టుకుని ఉంటుంది. ఎదిగిన పెట్టలో దాన్ని పూర్తిగా తీయబోతే నిమిషంలో రక్తమంతా పోతుంది. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా సొన తయారు కావచ్చు, నడిచే దారి లేక పొట్టలో పడవచ్చు. కొన్ని కోళ్లలో అది ఒంట్లో ఇంకిపోతుంది, కొన్నింటిలో మళ్లీ వాపు వస్తుంది. అందుకే తర్వాత కూడా వెలుతురు తగ్గించాలి, అవసరమైతే మనుషులకు వాడే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌తో అండాశయాన్ని నిద్రపుచ్చాలి, అది ఖరీదైన మందు, దాని ప్రభావం కొన్ని వారాలే. ఇదంతా చెప్పాను. "అంటే జబ్బు మూలం అలాగే ఉంటుంది, ఇప్పుడున్న కుళ్లు పోతుంది" అంది పిన్ని. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

తర్వాత నేను అడగాల్సిన ప్రశ్నలు అడిగాను. వాటిలో కష్టమైనది ఇది: పొట్ట తెరిచాక లోపలంతా కణితులే కనిపిస్తే మత్తులోనే వదిలేయమంటారా, కుట్లు వేసి లేపి తెమ్మంటారా? ముసలి పెట్టల అండాశయంలో క్యాన్సర్ అరుదు కాదు, స్కాన్‌లో ప్రతిదీ తెలియదు. ఈ ప్రశ్న ముందే అడగకపోతే, ఆ క్షణం వచ్చినప్పుడు చేతిలో కత్తెరతో బయటికి పరుగెత్తాలి, లేదా నా ఇష్టం వచ్చినట్లు చేయాలి. రెండూ తప్పే.

బాబాయి కాలి బొటనవేలితో అరుగు అంచు గీస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి పిన్ని అంది: "లేపి మళ్లీ నొప్పి చూపించడానికా? వద్దు. కానీ ఆ మాట ఫోనులో చెప్పకండి. బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చుని చెప్పండి."

ఆ మాటను ఉన్నదున్నట్లు తెలుగులో కాగితం మీద రాశాను, ఇద్దరూ సంతకాలు చేశారు. ఖర్చు కూడా రాశాను: కారు, గ్యాసు, మందులు, మూడు రోజుల బస కలిపి సుమారు 14 వేలు. ఆ డబ్బుతో ముప్పై పెట్టలు వస్తాయని వీధిలో అన్నవాళ్లు ఉన్నారు. లెక్క సరిగ్గానే ఉండవచ్చు, కానీ ఆ లెక్క వేయాల్సింది వాళ్లు కాదు, నేనూ కాదు. వైద్యుడిగా నా వంతు రూపాయి దాచకుండా ముందే చెప్పడం, చెప్పాక నోరు మూసుకోవడం.

ఎక్కడ చేయించాలన్నది ఇక తేలికగానే తేలింది. సూదిమత్తు ఒకసారి ఎక్కిస్తే అంత తేలికగా వెనక్కి తీయలేం. గ్యాసు మత్తు మీట తిప్పితే తగ్గుతుంది, ఆపితే నిమిషాల్లో పక్షి లేస్తుంది. ఆయాసపడే కోడికి ఆ తేడా చావుబతుకుల తేడా. ఒక ఆసుపత్రిలో కోళ్లకు చేయమని ఫోను పెట్టేశారు. ఇంకో చోట నా పాత సహాధ్యాయి ఉన్నాడు, తాను మత్తు చూసుకుంటానని, కోత నన్ను పెట్టమని అన్నాడు.

వెంటనే వెళ్లలేదు. ఎనిమిది రోజులు చుక్కను నా దగ్గరే ఉంచుకున్నాను. రెండు దఫాలుగా నీరు తీశాను, చర్మం కింద సెలైన్, గొట్టంతో మేత, యాంటీబయాటిక్. రక్తంలో ఎర్రకణాల పాలు 21 శాతం నుంచి 27 శాతానికి పెరిగింది. తోక ఊగడం ఆగింది. ఎనిమిదో రోజు పొద్దున నూకలు చల్లితే లేచి వచ్చి ఏరుకుంది. మార్చిలో నేను వదులుకున్న సమయం లాంటిదే మళ్లీ ఒకటి, దానికన్నా చిన్నది, దొరికింది. ఈసారి ఆగలేదు.

ఎండ తగలకుండా రాత్రి మూడింటికి బయలుదేరాం. పాతపట్నం, టెక్కలి దాటి జాతీయ రహదారి ఎక్కేసరికి చుక్క బాబాయి ఒళ్లో గంపలో నిద్రపోతోంది. పిన్ని రాలేదు. గుమ్మం దగ్గర గంప మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ వివరాలు తోటి వైద్యుల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. మాస్కుతో మత్తు ఇచ్చి, గాలి బుడగ లేని గొట్టం వేశాం. కోడి శ్వాసనాళం చుట్టూ ఉన్న మృదులాస్థి వలయాలు పూర్తి వలయాలు, సాగవు, బుడగ ఉబ్బితే లోపలి పొర చితికిపోతుంది. కుడి పక్కకు పడుకోబెట్టి, తల వైపు కొంచెం ఎత్తు చేసి, ఎడమ కాలిని వెనక్కి లాగి కట్టాం. ఈకలు అవసరమైనంత మేరకే పీకాం, స్పిరిటు వాడలేదు, కింద వెచ్చటి నీళ్ల సంచి. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలకు పైగా ఉంటుంది, తడిసి చల్లబడితే మత్తుకన్నా ముందు చలే చంపుతుంది.

చివరి పక్కటెముక వెనకాల కోత పెట్టాను. గాలి తిత్తి తెరుచుకోగానే గ్యాసు కోతలోంచి బయటికి పోతుంది, మత్తు తేలిపోతుంది, అక్కడ మత్తు చూసేవాడి అనుభవమే ఆసరా. లోపల అండవాహిక బంగినపల్లి మామిడికాయంత ఉబ్బి, పేగులను కుడివైపుకు నెట్టేసింది. దాన్ని పైనుంచి పట్టి ఉంచే పొరలోని నాళాలను ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చాను. కోడి బరువులో సుమారు ఒక శాతం దాకా రక్తం పోయినా తట్టుకుంటుందని లెక్క. అంటే చుక్కకు 16, 17 మిల్లీలీటర్లు, నాలుగు చెంచాలు కూడా నిండవు. ప్రతి గాజుగుడ్డ ముక్కనూ వాడకముందు, వాడిన తర్వాత చిన్న త్రాసు మీద తూచాం. పోయింది సుమారు 9 మిల్లీలీటర్లు. చివరికి అవస్కరం (గుడ్డు, రెట్ట బయటికి వచ్చే చోటు) దగ్గర రెండు కట్లు వేసి అండవాహికను తీసేశాను. ముద్దతో కలిపి 310 గ్రాములు. కోస్తే పసుపు, బూడిద రంగు పొరలు, నడుమ ఎప్పటిదో ఒక సొన, ఎండిన నారింజ తొనలా.

అండాశయం చూసే క్షణం కోసమే ఊపిరి బిగబట్టాను. జొన్న గింజలంత చిన్న సొనలు బోలెడు, పసుపెక్కినవి నాలుగు, అన్నీ మామూలువే. కణితి కనిపించలేదు. దాన్ని ముట్టుకోలేదు. పొట్ట కడగాలని చెయ్యి లాగింది, కడగలేదు. తిత్తి తెరిచి ఉండగా నీళ్లు పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి గుడ్డతో అద్ది తీసి, రెండు వరసల్లో కుట్టాను. మొత్తం 70 నిమిషాలు. గ్యాసు ఆపిన పన్నెండో నిమిషంలో చుక్క తల ఎత్తింది.

బయటికి వెళ్లి బాబాయి పక్కన కూర్చున్నాను. నేను పక్కన కూర్చోవడం చూసి ఆయన ముఖం ఒక్కసారిగా నల్లబడింది. పిన్ని అడిగిన ఒప్పందం గుర్తొచ్చింది. "లేచింది బాబాయ్" అని వెంటనే చెప్పేశాను. ఇకమీదట మంచి వార్త నిలబడి చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

ఆ రాత్రి ప్రతి రెండు గంటలకూ చూశాం. రెండో రోజు నిలబడింది. మూడో రోజు తనంతట తానే నూకలు ఏరింది. నాలుగో రోజు ఎడమ పక్క చర్మం కింద గాలి చేరి బుడగలా ఉబ్బింది, తిత్తి కుట్టు దగ్గర నుంచి వచ్చే గాలి అది. సూదితో రెండుసార్లు తీస్తే తగ్గిపోయింది. ఇల్లు చేరాక బాబాయి రోజూ సాయంత్రం దాని రెట్ట రంగు ఫోనులో చెప్పేవారు. పన్నెండో రోజు కుట్లు చూశాను, మానాయి. ఇరవై ఐదో రోజు ల్యూప్రోలైడ్ ఒక మోతాదు ఇచ్చాను. పరీక్షకు పంపిన ముద్దలో ఈ.కోలై అనే బాక్టీరియా పెరిగింది.

వానలు పడ్డాయి, దసరా వెళ్లింది, కార్తీకం వెళ్లింది. బరువు 1.6 కిలోల దగ్గర నిలబడింది. ఈకలు రాల్చి కొత్తవి పెట్టుకుంది. పొద్దు కురచైన ఆ నెలల్లో అండాశయం దానంతట అదే పడుకుంది. నెలకోసారి స్కాన్, పొట్ట పొడిగా ఉంది.

ఫిబ్రవరి మూడో వారంలో ఫోను వచ్చింది. బాబాయి గొంతులో ఉత్సాహం: "డాక్టరు బాబూ, చుక్క గంపలో కూర్చుంది. ఇరవై నిమిషాలు కూర్చుని బయటికి వచ్చి గుడ్డు పెట్టినట్లే ఊరంతా వినిపించేలా అరిచింది. గుడ్డు మాత్రం లేదు."

ఆయనకు అది పాత చుక్క తిరిగి రావడం. నాకు మాత్రం గుండె జల్లుమంది. పెట్ట గంపలోకి వెళ్లేది కడుపులో గుడ్డు బరువు తెలిసి కాదు. ముందు రోజు సొన ఊడిన చోట మిగిలిన సంచి విడుదల చేసే హార్మోన్ల వల్ల. దారి లేకపోయినా, సొన ఊడితే మర్నాడు పెట్ట గంప వెతుక్కుంటుంది. అంటే అండాశయం లేచింది, ఒక సొన పొట్టలో పడింది.

స్కానింగ్ యంత్రం తీసుకుని వెళ్లాను. రెండు చెంచాలంత నీరు, అంతే. జుట్టు ఎర్రగా ఉంది, రొమ్ము నిండుగా ఉంది. ఈసారి 'తగ్గకపోతే చూద్దాం' అనే మాట అనలేదు. ల్యూప్రోలైడ్ అక్కడే ఇచ్చాను, పది రోజులకు మళ్లీ చూస్తానన్నాను, గంపలో కూర్చున్న ప్రతి రోజునూ క్యాలెండరులో గుర్తు పెట్టమన్నాను. కారణం చెబుతుంటే బాబాయి ముఖంలో వెలుగు తగ్గడం కనిపించింది, అయినా పూర్తిగా చెప్పాను. పిన్ని గోడ గడియారం చూసింది. నాలుగున్నర. కొండల మీద ఇంకా ఎండ ఉంది. కుండలో ముంచిన గోనెను పిండి గూటికి ఒక పక్క వేసింది, గాలి వచ్చే వైపు నల్ల గుడ్డ కట్టింది, చుక్కను చంకన పెట్టుకుని తెచ్చి లోపలికి వదిలింది.